‘ఇంట్లో’ అని అడిగితే ‘ఇల్లు’ దొరకాలి: పాత పత్రికల భాండారానికి శోధన సాధనం ఎంచుకున్న తీరు

గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో పాత గ్రంథాలయం ఉంది. బీరువాల నిండా వారపత్రికలు, మాసపత్రికలు, సభల నివేదికలు. వాటిని స్కాన్ చేసి, బొమ్మల్లోని అక్షరాలను టెసరాక్ట్‌తో గుర్తించి, తప్పులు దిద్ది, ఎవరైనా ఇంటి నుంచే వెతుక్కునేలా పెట్టాలన్నది అక్కడి కార్యవర్గం సంకల్పం. 2023 వేసవిలో నన్ను పిలిచేనాటికి స్కానింగు చాలావరకు పూర్తయింది. దిద్దుబాటు పని ఇద్దరు విద్యార్థులు చూస్తున్నారు. నాకు అప్పగించింది ఒక్కటే: ఈ పాఠాన్ని వెతికే సాధనాన్ని ఎంచి నిలబెట్టడం. అది ఓపెన్ సోర్స్ కావాలి, 8 జీబీ మెమరీ ఉన్న ఒకే అద్దె సర్వర్ మీద నడవాలి, నేను పక్కన లేకపోయినా నడుస్తూనే ఉండాలి.

ఆ మూడో షరతు వెనుక ఒక నష్టం ఉంది. నాకన్నా ముందు ఒక స్వచ్ఛంద కార్యకర్త ఇదే పని మొదలుపెట్టారు. ప్రోగ్రామర్లు కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులో మెచ్చుకోలు నక్షత్రాలు ఎక్కువగా ఉన్న, పోలిక పట్టికల్లో అన్ని గడుల్లోనూ టిక్కు పడిన ఒక కొత్త సాధనాన్ని ఆయన ఎంచుకున్నారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తరువాత ఆ సాధనం తయారీదారులు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు, కొత్త విడుదలలు ఆగిపోయాయి. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన రోజు అది లేవలేదు. అసలు దెబ్బ అది కాదు. విద్యార్థులు నెలల తరబడి దిద్దిన పాఠం ఆ సాధనం వెతకడానికి కట్టుకునే సూచికలో, అంటే ఇండెక్సులో తప్ప మరెక్కడా లేదు. ఇండెక్సు రూపం దానికి మాత్రమే అర్థమవుతుంది. దిద్దుబాటు మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. కార్యవర్గం అధ్యక్షులు నాతో అన్న మాట ఒక్కటే: “బాబూ, ఈసారి పదేళ్లు నిలిచేది చూడండి.”

అందుకని సాధనాల జోలికి పోకముందే ఒక నిర్ణయం తీసుకున్నాను. దిద్దిన ప్రతి పేజీ మామూలు టెక్స్ట్ ఫైలుగా, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంటుంది. శోధన ఇండెక్సు ఎప్పుడు పారేసినా ఆ ఫైళ్ల నుంచి మళ్లీ కట్టుకోగలగాలి. ఈ మాట ముందే ఖాయం కావడంతో సాధనాన్ని ఎంచే భయం సగం తగ్గింది.

అడుగుల పుస్తకం

గ్రంథాలయం బల్ల మీద పొడుగాటి నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. వచ్చినవారు తమకేమి కావాలో అందులో రాస్తారు. మధ్యాహ్నాలు ఆ బల్ల దగ్గర కూర్చునేది ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు. నేను ఆరు సాధనాల విశేషాలు ముద్రించుకుని ఆయన ముందు పెడితే, ఆయన వాటిని పక్కకు జరిపి ఈ పుస్తకం తెరిచారు. “నాయనా, వీళ్లు ఏమడుగుతున్నారో చూశావా?”

అప్పటికి చూడలేదు. ఇద్దరం కూర్చుని అందులోంచి 120 అడుగులు, అంటే పాఠకులు అడిగిన విషయాలు, ఎంచాం. కర్నూలు కరువు. ఇంటి పన్ను. స్త్రీ విద్య. తమలపాకు తోటలు. పాల ధర. చెఱువు మరమ్మతు. ఒక్కొక్క దానికి ఏయే పేజీలు తప్పక రావాలో, ఏవి రాకూడదో మాస్టారు తన చేత్తో రాశారు. రెండు వారాలు పట్టింది. ఈ ప్రాజెక్టులో నేను చేసిన పనులన్నింటిలో విలువైనది అదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. వేగం లెక్కలు, సదుపాయాల పట్టికలు ఎవరైనా ఇస్తారు. మన పాఠానికి, మన పాఠకుల ప్రశ్నలకు ఏది సరైన జవాబో రాసి ఇవ్వగలిగేది మనమే.

ఆ పట్టికతో పరీక్షించిన సాధనాలు ఆరు: ఎస్‌క్యూలైట్‌లోని ఎఫ్‌టీఎస్5 అనే పాఠ శోధన భాగం, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోని పాఠ శోధన, మీలీసెర్చ్, ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, సోలర్. చివరి మూడింటికీ లోపలి ఇంజను ఒకటే, లూసీన్. డగ్ కట్టింగ్ 1999లో మొదలుపెట్టిన ఆ జావా కోడ్ లైబ్రరీ 2001 నుంచి అపాచీ ఫౌండేషన్ నీడలో ఉంది. కాబట్టి ఆరు పేర్లు ఉన్నా ఇంజన్లు నాలుగే.

‘తెలుగు’ అని అడిగితే ‘తేలిగ్గా’ వచ్చింది

మొదట ఎస్‌క్యూలైట్. సర్వర్ అక్కర్లేదు, ఒకే ఫైలు, అందుకే ముందుగా దానినే పట్టుకున్నాను. ‘తెలుగు’ అని వెతికాను. పేజీలు కుప్పలుగా వచ్చాయి. సంతోషపడి మాస్టారికి చూపించాను. ఆయన మూడో ఫలితం దగ్గర ఆగారు. అక్కడ ‘తెలుగు’ లేదు, ‘తేలిగ్గా’ ఉంది.

కారణం డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా ఉంది, నేను ముందు చదవలేదు. ఎఫ్‌టీఎస్5 వాడే యూనికోడ్61 అనే పదవిభజన పద్ధతి, ఏమీ చెప్పకుండా వదిలేస్తే, లిపులన్నింటి గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అక్షరాలు, అంకెలు అనిపించుకున్న వాటినే మాటలో భాగంగా తీసుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో అక్షరాలు కావు, చేర్పు గుర్తులు. అందువల్ల అవి మాటకూ మాటకూ మధ్య ఖాళీల్లా కనిపిస్తాయి. ‘తెలుగు’ కాస్తా త, ల, గ అనే మూడు ముక్కలవుతుంది. ‘తేలిగ్గా’ కూడా త, ల, గ అనే మొదలవుతుంది. వరసగా ఆ మూడు ముక్కలు ఎక్కడ కనిపించినా ఫలితమే. ఈ పొరపాటులో పెద్ద ప్రమాదం ఏమిటంటే, అది పొరపాటులా కనిపించదు. ఏది అడిగినా ఏవో పేజీలు వస్తాయి, వాటిలో సరైనవి కూడా ఉంటాయి. తెలుగు చదవలేని పరీక్షకుడు దీన్ని ఎన్నటికీ పట్టుకోలేడు.

మందు చిన్నదే. పట్టిక తయారుచేసేటప్పుడు చేర్పు గుర్తుల వర్గాలైన ఎమ్ఎన్, ఎమ్‌సీలను కూడా మాటలో భాగంగా చూడమని ఒక వరస రాస్తే చాలు. 2018 నుంచి ఆ వీలుంది. అది రాశాక ఎస్‌క్యూలైట్ మాటలను నిండుగా చూసింది. కానీ విభక్తులు, బహువచనాలు విడదీసే మార్గం మాత్రం దానిలో సిద్ధంగా లేదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నాకు ఎప్పటినుంచో అభిమానం. పుస్తకాల వివరాలన్నీ ఎలాగూ దానిలోనే ఉన్నాయి, శోధన కూడా అక్కడే జరిగితే ఒక సాధనం తగ్గుతుంది. అయితే దానిలో పదమూలాలు తీసేది స్నోబాల్ అనే సంకలనం. తమిళం, నేపాలీ 12వ వెర్షన్‌లో వచ్చాయి, హిందీ 14లో వచ్చింది, తెలుగు లేదు. ‘సింపుల్’ అనే భాషలేని అమరికతోనే సరిపెట్టుకోవాలి. ఇంకో ఇబ్బంది: దాని ర్యాంకింగ్ ఒక మాట మొత్తం భాండారంలో ఎంత అరుదైనదో లెక్కలోకి తీసుకోదు. ‘తోటలు’ అన్ని పేజీల్లో ఉన్నా, ‘తమలపాకు’ పది పేజీల్లోనే ఉన్నా రెండింటికీ ఒకే బరువు. లూసీన్ వాడే బీఎం25 పద్ధతిలో అరుదైన మాటకు ఎక్కువ బరువు పడుతుంది. మా 120 అడుగుల్లో ఈ తేడా కంటికి కనబడింది.

మీలీసెర్చ్ నన్ను ఆశ్చర్యపరిచింది, అందుకు కారణం మన భాషే. టైపు చేస్తుండగానే ఫలితాలు చూపించడానికి అది మనం కొట్టిన చివరి మాటతో మొదలయ్యే మాటలన్నీ వెతుకుతుంది. తెలుగులో విభక్తులన్నీ మాట చివరే చేరుతాయి కదా! ‘విజయవాడ’ అని కొడితే ‘విజయవాడలో’, ‘విజయవాడకు’, ‘విజయవాడవారు’ అన్నీ ఏ వ్యాకరణ జ్ఞానమూ లేకుండానే దొరికాయి. అమర్చడానికి అరగంట పట్టలేదు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు వెతికే చిన్న సైటుకైతే నేను దీన్నే పెడతాను. కానీ ‘విజయవాడవారు’ అని అడిగితే ‘విజయవాడ’ రాదు. ‘కల’ అని అడిగితే కలప, కలము, కలకత్తా వస్తాయి. ప్రత్యేక పదవిభజన ఉన్న భాషల్లో తెలుగు లేదు, మనం చేర్చుకుందామంటే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ పదవిభజన కోడు లోపలికి దిగాలి. నా తరువాత వచ్చేవారి మీద ఆ భారం పెట్టదలచుకోలేదు.

పాలు అడిగితే పూలు

మిగిలినవి లూసీన్ కుటుంబం. ఇక్కడే ఎక్కువ రోజులు గడిపాను.

ముందు కనిపించని గుర్తుల సంగతి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట దగ్గరి పొల్లుకూ వ కూ మధ్య, అవి వత్తుగా అతుక్కోకుండా ఆపే ఒక కనిపించని గుర్తు ఉంటుంది. కొందరు అది పెట్టి రాస్తారు, కొందరు పెట్టరు. లూసీన్ ప్రామాణిక పదవిభజన యూనికోడ్ నియమాల ప్రకారం ఆ గుర్తు దగ్గర మాటను విరవదు, అది సరైనదే. కానీ గుర్తును మాట లోపలే ఉంచుతుంది కాబట్టి గుర్తున్న మాట, లేని మాట వేర్వేరు మాటలవుతాయి. ‘రైతు’లోని ఐత్వం కూడా అంతే. ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తుల జతగానూ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో ఒకే రూపానికి తెస్తే ఇది తీరుతుంది.

ఈ చిక్కులన్నీ ఒక్క దెబ్బకు పోతాయని ఐసీయూ ఫోల్డింగ్ అనే ఫిల్టర్‌ను, అంటే ఇండెక్సుకు వెళ్లే ముందు మాటను మార్చే ఒక మెట్టును, పెట్టి చూశాం. ఐరోపా భాషల్లో అక్షరాల నెత్తిన ఉండే గుర్తులు తీసేసి ‘ఎ’లన్నింటినీ ఒకటి చేయడానికి అది చాలా మంచిది. మన పొల్లు కూడా దాని కంటికి అలాంటి గుర్తే. ‘అమ్మ’ ‘అమమ’ అయింది. ‘కల్ప’, ‘కలప’ ఒకే మాటయ్యాయి. ఆ పూటే తీసేశాం.

తరువాత అక్షరదోషాల సవరణ. టెసరాక్ట్ గుర్తించిన పాఠంలో వత్తులు పోవడం, కొమ్ము బదులు గుడి పడటం ఉంటుంది కాబట్టి ఒకటి రెండు అక్షరాల తేడాను క్షమించే వెతుకులాట మాకు అవసరమనిపించింది. ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్‌లలో ‘ఆటో’ అని అడిగితే నియమం ఇలా ఉంటుంది: నిడివి 3 నుంచి 5 వరకు ఉన్న మాటలో ఒక మార్పు, అంతకన్నా పొడుగైతే రెండు మార్పులు. ఆ నిడివి లెక్క మన అక్షరాలతో కాదు, గుణింతపు గుర్తును, పొల్లును కూడా విడిగా లెక్కించే యూనికోడ్ కోడ్ పాయింట్లతో. ‘పాలు’కు నాలుగు. ఒక మార్పు చేస్తే ‘పూలు’, ‘పేలు’, ‘కాలు’. పాల ధర అడిగిన పాఠకుడికి పూల ధర వస్తుంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. అందుకని ఆ ఒక్క అక్షరానికి రెండు మార్పుల అనుమతి దొరుకుతుంది. ముందు ఒక వ చేర్చి, చివరి దీర్ఘాన్ని సున్నగా మారిస్తే ‘వస్త్రం’. అ చేరిస్తే ‘అస్త్రం’. స్త్రీ విద్య కోసం అడిగితే అస్త్రవిద్య పేజీలు పైకి వచ్చాయి.

ఇది ఆ సాధనాల తప్పు అనను. నిడివిని కోడ్ పాయింట్లలో లెక్కించడం లాటిన్ లిపికి సరిపోతుంది, లెక్క ఎలా జరుగుతుందో వారు దాచలేదు. మాకు మాత్రం ఈ సదుపాయం అపాయమే. పోలిక పట్టికల్లో అక్షరదోషాల సవరణ ఒక ప్లస్ గుర్తుగా ఉంటుంది. మా పట్టికలో మాస్టారు దానికి ఎర్ర సిరాతో అడ్డగీత గీశారు.

లైసెన్సులు, యాజమాన్యం

ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, సోలర్‌లలో వెతికే శక్తిలో మాకు తేడా కనిపించలేదు, ఇంజను ఒకటే కాబట్టి. అందువల్ల వాటి వెనుక ఎవరున్నారో చూడవలసి వచ్చింది.

ఎలాస్టిక్ సంస్థ 2021 జనవరిలో తన సాధనం లైసెన్సును మార్చుతున్నట్లు ప్రకటించింది. అంతవరకు అపాచీ 2.0 కింద ఉన్నది, 7.11 వెర్షన్ నుంచి ఎస్ఎస్‌పీఎల్, ఎలాస్టిక్ లైసెన్సు అనే రెండింటి కిందికి వెళ్లింది. ఆ రెండూ, ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించినవి కావు. అమెజాన్ 7.10.2 ప్రతిని తీసుకుని ఓపెన్‌సెర్చ్ అని వేరు కుంపటి పెట్టింది, దాని 1.0 విడుదల అదే ఏడాది జూలైలో వచ్చింది. మాలాంటివారికి ఆ కొత్త లైసెన్సు వల్ల నిజానికి ఆటంకం ఏమీ లేదు. మా సర్వర్ మీద మేం వాడుకుంటాం, ఎవరికీ సేవగా అమ్మం. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఒక సంస్థ ఒక ప్రకటనతో నియమాలు మార్చగలిగినప్పుడు, ఈ రోజు నియమం అనుకూలంగా ఉందా లేదా అన్నది చిన్న విషయం. మార్చే తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే పెద్ద విషయం. 2023లో ఓపెన్‌సెర్చ్ తాళంచెవి కూడా ప్రధానంగా ఒక సంస్థ దగ్గరే ఉంది. ఆ తరువాత, 2024 ఆగస్టులో ఎలాస్టిక్ సంస్థ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా చేర్చి మళ్లీ ఓపెన్ సోర్స్ గూటికి వచ్చింది, సెప్టెంబరులో ఓపెన్‌సెర్చ్ లినక్స్ ఫౌండేషన్ కిందికి చేరింది. ఈ రెండూ మంచి మార్పులే. నాలుగేళ్ల లోపే ఇన్ని మలుపులు తిరిగాయన్నది మాత్రం పదేళ్ల కోసం ఎంచుకునేవారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

సోలర్ కథ ఇంత రసవత్తరంగా ఉండదు. 2004లో సీనెట్‌లో యోనిక్ సీలీ రాసిన సాధనం అది, 2006లో అపాచీకి వచ్చింది, 2010లో లూసీన్ ప్రాజెక్టులో కలిసింది, 2021లో మళ్లీ విడి ప్రాజెక్టయింది. అపాచీ ప్రాజెక్టులకు యజమానిగా ఒక వ్యాపార సంస్థ ఉండదు. కొత్తదనం గురించి మాట్లాడుకునే చోట ఇప్పుడు దాని పేరు ఎవరూ ఎత్తరు. నాకు అది దోషంగా అనిపించలేదు. ఎస్‌క్యూలైట్‌ను చూడండి: కోడు ప్రజల సొత్తు, కానీ బయటివారు రాసిన కోడును మామూలుగా తీసుకోరు, 2050 వరకు తోడుంటామని మాత్రం రాసిపెట్టారు. తలుపులు ఎంత తెరిచి ఉన్నాయన్నది ఒక లెక్క, ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మరో లెక్క.

మాస్టారు చూడగలిగిన సాధనం

సోలర్‌ను ఖాయం చేసింది మాత్రం లైసెన్సు కాదు, రెండు చిన్న విషయాలు.

మొదటిది, లూసీన్ 9 శ్రేణిలో తెలుగు కోసం ఒక స్టెమ్మర్ చేరింది. మాట చివరి ప్రత్యయాలు కొన్నింటిని కోసి మూలానికి దగ్గరగా తెస్తుంది. నేను చూసినప్పుడు ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్‌ల భాషల పట్టికల్లో తెలుగు లేదు. వాటిలో దీన్ని వాడుకోవాలంటే ప్లగిన్ రాసి, ప్రతి కొత్త విడుదలకూ దాన్ని మళ్లీ కట్టుకోవాలి. సోలర్‌లో ఆ ఫిల్టర్ పేరు స్కీమాలో, అంటే దాని అమరికల ఫైలులో, ఒక వరసగా రాస్తే చాలు.

రెండోది, సోలర్ నిర్వహణ పేజీలో ‘ఎనాలిసిస్’ అనే తెర. ఒక పక్క పత్రికలోని మాట, మరో పక్క పాఠకుడు అడిగిన మాట కొడితే, ఒక్కొక్క ఫిల్టర్ దాటాక ఆ మాట ఏమైందో మెట్టు మెట్టుగా చూపిస్తుంది. రెండు పక్కలా ఒకే రూపానికి వస్తే ఆ గడి రంగు మారుతుంది. ఇదే పనికి ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ ఆదేశం ఉంది, కానీ దాన్ని యంత్రాలు మాట్లాడుకునే జేసాన్ రూపంలో రాసి, జవాబును జేసాన్‌లో చదవాలి. మాస్టారికి జేసాన్ రాదు. సోలర్ తెర ముందు కూర్చోబెట్టిన రోజున ఆయన కుర్చీ ముందుకు లాక్కుని అరగంట కదల్లేదు. “ఇదిగో, ఇక్కడ తెగింది చూడు” అంటూ వేలు పెట్టి చూపించారు. వ్యాకరణం తెలిసినవారు యంత్రం లోపలికి చూడగలిగారు. నా వరకు నిర్ణయం ఆ క్షణంలోనే జరిగిపోయింది.

మేం పేర్చిన వరస ఇది. మాట విడగొట్టకముందే కనిపించని గుర్తులు తీసేయాలి, అరసున్న తీసేయాలి, ఱను ర చేయాలి, ‘పెళ్ళి’ని ‘పెళ్లి’ చేయాలి. థ, ధల దగ్గర మాస్టారికీ నాకూ రెండు రోజులు వాదన నడిచింది. గ్రంథాలయాన్ని ‘గ్రంధాలయం’ అని రాసేవారు పత్రికల్లోనూ ఉన్నారు, అడుగుల పుస్తకంలోనూ ఉన్నారు. రెండింటినీ కలిపేస్తే ‘అర్థం’, ‘అర్ధం’ ఒకటైపోతాయి. చివరికి ఆయనే తేల్చారు: “అర్ధం కోసం వెతికేవాడు ఎవడూ రాడు, గ్రంథాలయం కోసం వస్తాడు. కలిపెయ్యి.” హ్రస్వదీర్ఘాలను మాత్రం కలపనివ్వలేదు. లూసీన్ హిందీ నార్మలైజర్ దీర్ఘాలను హ్రస్వాలు చేస్తుంది. అదే దారి తెలుగులో పడితే నేల నెలవుతుంది, వేల వెలవుతుంది.

ఆ తరువాత పదవిభజన, తెలుగు అంకెలను మామూలు అంకెలకు మార్చడం, విభక్తులు తీయడం, చివర స్టెమ్మర్. స్టెమ్మర్ ఒక్కటే సరిపోలేదు, ఎందుకంటే ‘రైతులకు’ వంటి మాటలో బహువచనం మీద విభక్తి ఉంది, రెండు పొరలు. అందుకే ముందుగా లో, కు, కి, తో వంటివాటిని తీసే ఒక మెట్టు పెట్టాం.

అది పెట్టిన మరునాడు మాస్టారు ఫోను చేశారు. “బాబూ, నా తమలపాకు ఏమైంది?” తెర చూస్తే ‘తమలపా’ అని ఉంది. ఆకులోని ‘కు’ విభక్తి కాదని యంత్రానికి ఎవరు చెప్పారు? కరివేపాకుదీ అదే గతి. కర్నూలు, ఒంగోలులది మరో రకం: చివరి ‘లు’ బహువచనం అనుకుని స్టెమ్మర్ కోసేస్తోంది. ‘కర్నూలు’ అని అడిగితే ‘కర్నూ’ అవుతుంది, పత్రికలోని ‘కర్నూల్లో’ మాత్రం విభక్తి పోయి ‘కర్నూల్’ దగ్గర ఆగుతుంది, రెండూ కలవవు.

ఇక్కడ ఇతరులకు ఉపయోగపడే ఒక సంగతి చెప్పాలి. ఫలానా మాటల జోలికి పోవద్దని రాసే రక్షణ పట్టికను స్టెమ్మర్లు గౌరవిస్తాయి. మాట చివర కోసే మామూలు ప్యాటర్న్ ఫిల్టర్లు దాన్ని పట్టించుకోవు. మేం తమలపాకును పట్టికలో చేర్చాక కూడా అది తెగుతూనే ఉండటానికి కారణం అదే. సోలర్‌లో ప్రొటెక్టెడ్ టర్మ్ ఫిల్టర్ అని ఒకటుంది. మిగిలిన ఫిల్టర్లను దాని లోపల పెడితే పట్టికలోని మాటలు వాటిని తాకకుండా దాటిపోతాయి. అది పెట్టాక ఆకులు, ఊళ్లు క్షేమం.

ఇంతకన్నా లోతైన చిక్కు ఔపవిభక్తికాలది, అంటే విభక్తి ముందు రూపమే మారిపోయే మాటలది. ఇల్లు ఇంటి అవుతుంది, నీరు నీటి, కన్ను కంటి, చేయి చేతి. చివర కోయడం వల్ల వీటిని కలపలేం, మాట నడుమే మారిపోయింది. ఇందుకు స్టెమ్మర్ ఓవర్‌రైడ్ అనే ఫిల్టర్‌కు మాస్టారు ఒక జంట పట్టిక రాయడం మొదలుపెట్టారు: ఇంటి అంటే ఇల్లు, ఇంట్లో అంటే ఇల్లు, ఇళ్లు అంటే ఇల్లు. మొదటి రోజు అది పనిచేయలేదు. ఓవర్‌రైడ్ దాటిన మాటను స్టెమ్మర్ ముట్టుకోదు, కాబట్టి ‘ఇంటి’ నుంచి వచ్చిన ‘ఇల్లు’ నిండుగా ఉంది. పత్రికలో నేరుగా ఉన్న ‘ఇల్లు’ను మాత్రం స్టెమ్మర్ కోసేసింది. ‘ఇల్లు అంటే ఇల్లు’ అని కూడా ఒక వరస రాయాలని అప్పుడు తెలిసింది. పట్టికలోని మాటలన్నీ ముందు మెట్ల మార్పులు అయిన తరువాతి రూపంలో ఉండాలన్నదీ అలాగే తెలిసింది. ‘ఇళ్ళు’ అని రాస్తే ఎప్పటికీ తగలదు, ఎందుకంటే అప్పటికే అది ‘ఇళ్లు’ అయిపోయి ఉంటుంది.

నడుస్తున్న తీరు

సోలర్‌ను ఒకే యంత్రం మీద, పలు యంత్రాల గుంపు (క్లస్టర్) లేకుండా నడుపుతున్నాం. 9వ వెర్షన్ నుంచి అది మామూలుగా స్థానిక చిరునామాకే కట్టుబడి ఉంటుంది, అంటే అదే యంత్రం నుంచి వచ్చే అభ్యర్థనలకే పలుకుతుంది. మేం దాన్ని బయటికి తెరవలేదు, మా వెబ్ పేజీ ఒక్కటే దానితో మాట్లాడుతుంది. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు జావా మీద నడిచే ఎన్నో సాధనాలతో పాటు సోలర్ కూడా సరిచేసుకోవలసి వచ్చింది. ఆ చరిత్ర గుర్తుంచుకుని, భద్రతా విడుదల వస్తే పెట్టవలసిన ఆదేశాలు నాలుగు వరసల్లో రాసి బల్ల అరలో ఉంచాను. లూసీన్ ఒక పెద్ద వెర్షన్ వెనుకటి ఇండెక్సును మాత్రమే చదవగలదు, అంతకన్నా పాతవి చదవదు. మాకు దానితో పేచీ లేదు, టెక్స్ట్ ఫైళ్ల నుంచి ఒక రాత్రిలో మళ్లీ కట్టుకుంటాం. ఏడాదికోసారి కావాలనే ఇండెక్సు చెరిపేసి కట్టి చూస్తున్నాం.

ఎస్‌క్యూలైట్ కూడా ఖాళీగా లేదు. ఇంటర్నెట్ సరిగా లేని పల్లె గ్రంథాలయాలకు పెన్ డ్రైవ్‌లో ఇచ్చే ప్రతికి అదే వాడుతున్నాం, చేర్పు గుర్తుల వరస రాసి, కనిపించని గుర్తులు ముందే తీసేసి.

స్కీమాలో ఏ మార్పు చేసినా 120 అడుగులూ మళ్లీ నడుస్తాయి, మాస్టారు రాసిన పేజీలు వచ్చాయో లేదో ఒక చిన్న స్క్రిప్టు చూస్తుంది. థ, ధలు కలిపిన రోజున ఏవి మెరుగయ్యాయో ఏవి చెడ్డాయో పది నిమిషాల్లో తెలిసింది. ఆ స్క్రిప్టుకు సోలర్ అన్న పేరు కూడా తెలియదు, ప్రశ్న పంపి పేజీల పేర్లు తీసుకుంటుంది అంతే. రేపు ఇంకో సాధనం వస్తే దాన్ని ఇదే స్క్రిప్టు ముందు నిలబెడతాం.

కొన్ని అడుగులు ఇంకా లొంగలేదు. ‘చెట్టు’ అని అడిగితే ‘చెట్టెక్కి’ రాదు, సంధిలో ఉకారం పోయింది కాబట్టి. పాత పత్రికల్లోని ‘వచ్చెను’, ఇప్పటి ‘వచ్చింది’ ఇంకా కలవలేదు. ‘ముఖ్యమంత్రి’ని విడదీసి ‘ముఖ్య మంత్రి’ అని అచ్చువేసిన సంచికలు ఉన్నాయి. పక్క పక్క మాటలను జతచేసి చూసే ఫిల్టర్‌తో ఇది కొంత తీరింది, ఇండెక్సు మాత్రం పెరిగింది.

మాస్టారి జంట పట్టిక ఫైలు ఇప్పుడు గిట్‌లో ఉంది. ఆయన కాగితం మీద రాస్తారు, విద్యార్థులు ఎక్కిస్తారు. నిన్న ఆయన కొత్త పేజీ పంపారు. అడుగుల పుస్తకంలో ఎవరో ‘మాయింటి నూతి నీళ్లు’ అని రాసి వెళ్లారట. మా, ఇంటి కలిసి నడుమ యకారం వచ్చింది. మాట మొదలే మారిపోయింది కాబట్టి ఇంతవరకు రాసిన ఏ వరసా దీనికి తగలదు. పేజీ పైన ‘మాయింటి, మీయింటి, వారియింటి’ అని రాసి, కింద చాలా చోటు ఖాళీగా వదిలారు.